జనవరి రాయి పుట్టిల్లు మన పాల్వంచ పక్కనే

జనవరిలో పుట్టినవాళ్ళకి గార్నెట్, ఏప్రిల్‌లో పుట్టినవాళ్ళకి వజ్రం, జులై వాళ్ళకి కెంపు. ఈ జాబితా ఇప్పుడు మన ఊళ్ళలో నగల షాపుల్లో కూడా కనిపిస్తోంది. దాని పక్కనే ఇంకో జాబితా ఉంటుంది, అది మనది. రవికి కెంపు, చంద్రుడికి ముత్యం, కుజుడికి పగడం, బుధుడికి పచ్చ, గురుడికి పుష్యరాగం, శుక్రుడికి వజ్రం, శనికి నీలం, రాహువుకి గోమేదికం, కేతువుకి వైడూర్యం. మొదటి జాబితా చూసి కొనేవాళ్ళు సరదాకి కొంటారు. రెండోది చూసి కొనేవాళ్ళలో చాలామంది కష్టంలో ఉండి కొంటారు. పెళ్ళి కుదరక, పిల్లలు పుట్టక, కోర్టు కేసు తెమలక. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. 2001లో, 2008లో, మళ్ళీ 2023లో ఉద్యోగాలు ఊడినప్పుడల్లా, నేను చూసినంతలో, చుట్టుపక్కల వేళ్ళకి ఉంగరాలు పెరిగాయి. అప్పటిదాకా జీన్సు ప్యాంటు, టీషర్టు తప్ప ఇంకో అలంకారం లేనివాళ్ళు కూడా మధ్యవేలికి నీలం పెట్టుకుని తిరిగారు.

మా పనిలో ఒక సూత్రం ఉంది. ఎవరైనా ఒక టేబుల్ చేతికిచ్చి "ఇందులో ఉన్నట్టు చెయ్యి" అంటే, ముందు ఆ టేబుల్ ఎవరు తయారుచేశారు, ఎప్పుడు చేశారు, ఆ తర్వాత ఎన్నిసార్లు మార్చారు అని చూడాలి. జన్మరత్నాల టేబుల్ని కూడా అలాగే చూద్దామని నాకు ఎప్పటినుంచో ఉంది. అలా చూస్తూ పోతే అమెరికా, థాయ్‌లాండ్, ఫ్రాన్సు అన్నీ తిరిగి చివరికి మా పాల్వంచ పక్కనున్న ఒక కొండ దగ్గరికి వచ్చి ఆగాల్సి వచ్చింది.

ముందు నెలల జాబితా సంగతి. ఇది బైబిల్ కాలం నాటిదని చెబుతుంటారు. అందులో కొంత నిజం ఉంది. యూదుల ప్రధాన పూజారి అహరోను గుండెమీద ధరించే పతకంలో 12 రాళ్ళుండేవని పాత నిబంధనలో ఉంది. వాటిని ఒకటో శతాబ్దంలో జోసిఫస్ అనే యూదు చరిత్రకారుడు 12 నెలలతో, 12 రాశులతో ముడిపెట్టాడు. కానీ ఎవరు పుట్టిన నెల రాయి వాళ్ళు పెట్టుకోవాలి అన్న ఆచారం అంత పాతది కాదు. అది 18వ శతాబ్దంలో పోలండులో మొదలైందని, 1913లో రత్నాల మీద పుస్తకం రాసిన జార్జ్ ఫ్రెడరిక్ కుంజ్ అంటాడు. ఈయన టిఫనీ కంపెనీలో రత్నాల నిపుణుడు, కాబట్టి వ్యాపారం తెలిసిన మనిషి. ఇక ఇవాళ మనం చూసే జాబితా అయితే 1912లో అమెరికాలోని కాన్సాస్ సిటీలో నగల వ్యాపారుల సంఘం సమావేశమై ఖరారు చేసింది. ఊరికో జాబితా ఉంటే అమ్మకాలకి ఇబ్బంది కదా, అందుకని ఒక స్టాండర్డ్ పెట్టుకున్నారు. ఈ పద్ధతి మాకు బాగా తెలుసు. నలుగురు కంపెనీల వాళ్ళు ఒక గదిలో కూర్చుని తయారుచేసే స్టాండర్డ్‌కీ దీనికీ ఏమీ తేడా లేదు.

స్టాండర్డ్ అన్నాక వర్షన్లు తప్పవు. 1952లో కొన్ని నెలలకి రాళ్ళు కలిపారు, డిసెంబరు నుంచి ఒక రాయి తీసి ఇంకోటి పెట్టారు. 2002లో డిసెంబరుకి టాంజనైట్ కలిపారు. ఈ టాంజనైట్ అనేది టాంజానియాలో 1967లో దొరికిన రాయి. అంటే 1960కి ముందు డిసెంబరులో పుట్టినవాడికి, వాడు పుట్టేనాటికి ప్రపంచంలో ఎవరూ చూడని రాయి జన్మరత్నం అయిపోయింది! 2016లో ఆగస్టుకి స్పినెల్ కలిపారు. జపాన్ వాళ్ళు 1958లో తమ సొంత జాబితా వేసుకున్నారు. మార్చికి పగడం, మేకి జేడ్ లాంటివి చేర్చి తమ అభిరుచికి తగ్గట్టు సర్దుకున్నారు. 2021 డిసెంబరులో దాన్ని మళ్ళీ మార్చి ఒకేసారి 10 రాళ్ళు కలిపారు. ఇందులో దాపరికమేమీ లేదు. ఏ సంఘం ఎప్పుడు మార్చిందో వాళ్ళే చెప్పుకుంటారు.

ఇక్కడిదాకా చదివి "వాళ్ళది వ్యాపారం, మనది శాస్త్రం" అనుకునేవాళ్ళు ఉంటారు. సరే, మన టేబుల్ చరిత్ర కూడా అదే చూపుతో చూద్దాం.

ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు రాసిన బృహత్సంహితలో రత్నపరీక్ష అధ్యాయాలున్నాయి. ఆయన చిల్లర మనిషి కాదు, మన జ్యోతిషానికి పెద్ద దిక్కు. అక్కడ ఆయన ఇచ్చిన రత్నాల పేర్లు 9 కాదు, 22. వాటిలో వజ్రం, ముత్యం, కెంపు, పచ్చ ఈ నాలుగింటిని గురించి వివరంగా చెప్పాడు. మంచి రత్నం వల్ల మేలు, దోషమున్న రత్నం వల్ల కీడు అని కూడా చెప్పాడు. అయితే ఎవరికి? రాజులకి. రాజుగారి ఖజానాలోకి వచ్చే రాయి మంచిదా కాదా అని పరీక్షించడానికి రాసిన అధ్యాయాలవి. నీ జన్మనక్షత్రం ఇది కాబట్టి నువ్వు ఈ రాయి పెట్టుకో అన్న లెక్క వాటిలో లేదు.

ఇంకా తమాషా ఏమిటంటే, అదే వరాహమిహిరుడు బృహజ్జాతకంలో గ్రహాలకి ద్రవ్యాలు పంచాడు. రవికి రాగి, చంద్రుడికి మణులు, కుజుడికి బంగారం, గురుడికి వెండి, శనికి ఇనుము. ముత్యం ఎవరికిచ్చాడో తెలుసా? శుక్రుడికి. ఇవాళ ముత్యం చంద్రుడిదని చిన్నపిల్లవాడు కూడా చెబుతాడు. మనకిప్పుడు తెలిసిన తొమ్మిది గ్రహాలు, తొమ్మిది రత్నాల జోడీ జాతకపారిజాతం లాంటి తర్వాతి గ్రంథాల్లో స్పష్టంగా కనిపిస్తుంది. వైద్యనాథ దీక్షితుడి ఆ గ్రంథాన్ని 15వ శతాబ్దం నాటిదని లెక్కగడతారు. అంటే వరాహమిహిరుడికీ ఈయనకీ మధ్య సుమారు తొమ్మిది వందల ఏళ్ళు. ఈ మధ్యకాలంలో 22 కాస్తా 9 అయ్యాయి, ముత్యం శుక్రుడి చేతిలోంచి చంద్రుడి చేతికి వెళ్ళింది. దీన్ని మా భాషలో వర్షన్ మార్పు అంటారు. తేడా అల్లా ఒక్కటే, అమెరికా వాళ్ళు మార్చినప్పుడు తేదీ వేశారు, మనవాళ్ళు వెయ్యలేదు. తేదీ వెయ్యకపోతే ఏదైనా అనాదిగా వస్తున్నట్టే కనిపిస్తుంది.

ఈ తొమ్మిది రత్నాల పద్ధతి మన దగ్గర నుంచి తూర్పుకి కూడా వెళ్ళింది. థాయ్‌లాండ్‌లో దీన్ని నొప్పరత్ అంటారు, మన నవరత్న మాటే. అక్కడ రాజుగారిచ్చే అతి పెద్ద బిరుదుల్లో ఒకటి నవరత్నాల పేరు మీద ఉంది. ఇప్పుడున్న రూపంలో దాన్ని 1851లో నాలుగో రాముడు అనే మోంగ్‌కుట్ రాజు ఏర్పాటు చేశాడు. అక్కడ నవరత్నాలంటే రాజ్యానికి సంబంధించిన గౌరవం. బర్మాలో పుట్టిన వారాన్ని బట్టి గ్రహం చూస్తారు. బుధవారాన్ని పొద్దుటిపూట, సాయంత్రంపూట అని రెండు చేసి, రెండో సగాన్ని రాహువుకి ఇచ్చి, ఏడు వారాలని ఎనిమిది చేసుకున్నారు. చైనాలో జేడ్‌కి ఉన్నంత గౌరవం ఇంకే రాయికీ లేదు, కానీ అది పెట్టుకోవడానికి పుట్టినరోజుతో పనిలేదు. ఆసియా అంతటికీ కలిపి ఒకే జన్మరత్న సంప్రదాయం ఉందనుకోవడం పొరపాటు. ఎవరి చేతిలో ఏ రాళ్ళున్నాయో, ఎవరి కేలండరు ఎలా ఉందో దాన్నిబట్టి ఎవరి టేబుల్ వాళ్ళు కట్టుకున్నారు.

ఇక మా ప్రాంతానికి వద్దాం. పాల్వంచ అంటే చాలామందికి కరెంటు గుర్తొస్తుంది. కానీ రాళ్ళ విషయంలో ఈ ఊరికి ఒక పాత సంబంధం ఉంది. 17వ శతాబ్దంలో కంచర్ల గోపన్న, అంటే మన రామదాసు, పాల్వంచ పరగణాకి తహసీల్దారుగా వచ్చాడు. భద్రాచలం అప్పుడు ఆ పరగణాలోదే. ఆయన గుడి కట్టించడం, దేవుళ్ళకి నగలు చేయించడం, తానీషా ప్రభుత్వానికి చెల్లించాల్సిన సొమ్ము ఖర్చుపెట్టినందుకు గోల్కొండ ఖైదులో మగ్గడం అందరికీ తెలిసిన కథే. జైల్లోంచి పాడిన కీర్తనలో ఏ దేవుడికి ఏ నగ చేయించాడో లెక్క అప్పజెప్పాడు. ఆ లెక్కలో సీతమ్మకి చింతాకు పతకం, భరతుడికి పచ్చలది, లక్ష్మణుడికి ముత్యాలది ఉన్నాయి.

ఇప్పుడు దీన్ని జాతకరత్నాల టేబుల్ పక్కన పెట్టి చూడండి. వాల్మీకి చెప్పిన ప్రకారం రాముడిది పునర్వసు, భరతుడిది పుష్యమి, లక్ష్మణ శత్రుఘ్నులది ఆశ్లేష. పుష్యమికి అధిపతి శని, కాబట్టి భరతుడికి నీలం పెట్టాలి. ఆశ్లేషకి అధిపతి బుధుడు, కాబట్టి పచ్చ లక్ష్మణుడికి రావాలి. రామదాసు పచ్చలు భరతుడికిచ్చి, లక్ష్మణుడికి ముత్యాలు పెట్టాడు. అలాకాదు, నక్షత్రం కాదు రాశి చూడాలి అంటారా? నలుగురు అన్నదమ్ములదీ కర్కాటక రాశేనని సంప్రదాయం. అధిపతి చంద్రుడు కాబట్టి నలుగురికీ ముత్యాలే చేయించాలి. లగ్నం చూడాలి అంటే మళ్ళీ ఇంకో జవాబు వస్తుంది. ఒకే మనిషికి నక్షత్రంతో వెతికితే ఒక రాయి, రాశితో వెతికితే ఇంకో రాయి, లగ్నంతో వెతికితే మూడో రాయి వచ్చే టేబుల్ని ఏ ప్రోగ్రామరూ ఒప్పుకోడు. రామదాసుకి ఈ లెక్కల్తో పనే లేదు. ఆయనకి రాయి అంటే మందు కాదు, ముడుపు. ప్రేమతో పెట్టే కానుక. శ్రీరామనవమి కల్యాణానికి ప్రభుత్వం తరఫున పంపే ముత్యాల తలంబ్రాలు కూడా అలాంటివే. ఆ ముత్యాలు చంద్రుడి శాంతికి కాదు, పెళ్ళి ముచ్చటకి. మా వైపు రత్నాల సంప్రదాయం ఏమిటి అని ఎవరైనా అడిగితే నేను దీన్నే చూపిస్తాను.

ఇంతకీ ఆ తొమ్మిది రాళ్ళే ఎందుకు ఎంచుకున్నారు? అవి ఎక్కడినుంచి వచ్చేవో చూస్తే కొంత అర్థమవుతుంది. కెంపులు బర్మాలోని మోగోక్ నుంచి. నీలం, పుష్యరాగం, గోమేదికం, వైడూర్యం సింహళం నుంచి. ముత్యాలు అయితే మన్నారు సింధుశాఖ నుంచి, లేకపోతే పర్షియా సింధుశాఖ నుంచి. పగడం మధ్యధరా సముద్రం నుంచి. పచ్చలకి అయితే 16వ శతాబ్దం తర్వాత ఏకంగా దక్షిణ అమెరికాలోని కొలంబియా పెద్ద దిక్కయింది. తొమ్మిదింటిలో తెలుగునేలకి లోకమంతా ఒప్పుకునే పేరు తెచ్చింది వజ్రం ఒక్కటే. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో 60,000 మంది పనిచేస్తున్నారని 17వ శతాబ్దంలో ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే రాశాడు. ఇలా నలుమూలల నుంచి వచ్చిన తొమ్మిది రాళ్ళని ఒక్క ఉంగరంలో పొదిగించుకోగలిగినవాడు ఎవడు? రాజు. నవరత్నాల ఉంగరం అంటే నాకనిపించేది ఇదే: నా వర్తకులు చేరని రేవు లేదు అని చెప్పుకునే పటం అది. దొరకడం కష్టమైనదే ఆ పటంలోకి ఎక్కింది.

మరి పెరట్లో దొరికేదాని సంగతి? పెరటి చెట్టు మందుకి పనికిరాదు అని సామెత ఉండనే ఉంది కదా.

పాల్వంచ నుంచి కొత్తగూడెం వైపు వెళ్తే, గంట ప్రయాణం కూడా కాని దూరంలో, గరీబ్‌పేట అనే ఊరుంది. దాని పక్కన ఒక కొండ. ఆ కొండ రాతిలో అభ్రకంతో, కయనైట్ అనే ఖనిజంతో కలిసి గార్నెట్లు ఉన్నాయి. కోట్ల ఏళ్ళ కింద భూమి లోపల విపరీతమైన వేడికీ, ఒత్తిడికీ పుట్టినవి. పై రాయి ఎండకీ వానకీ చివికిపోయినప్పుడు, గట్టివి కాబట్టి గార్నెట్లు మాత్రం మిగిలి, వాననీళ్ళతో దొర్లుకుంటూ కిందకి వచ్చి కంకరలో, ఇసుకలో చేరతాయి. 19వ శతాబ్దంలో నిజాం రాజ్యంలోని ఖనిజాల గురించి రాసిన ఇంగ్లీషు నివేదికల్లో గరీబ్‌పేట గార్నెట్ల ప్రస్తావన ఉంది. ఈ రకం పేరు ఆల్మండైన్. ఇనుము, అల్యూమినియం ఉండే సిలికేట్. చూడటానికి ముదురెరుపు, కొంచెం ఊదా జీర. గార్నెట్ అనే మాటే లాటిన్‌లో దానిమ్మ పేరు నుంచి వచ్చింది. దానిమ్మ గింజని వెలుతురుకి ఎత్తి చూస్తే ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది.

ఈ రాయి ఎంత దూరం వెళ్ళిందో ఈ మధ్యనే తేలింది. పుదుచ్చేరి పక్కన అరికమేడు అనే పాత రేవు ఉంది. 1945లో మోర్టిమర్ వీలర్ అక్కడ తవ్వించినప్పుడు రోమన్ల మద్యం కూజాలు, ఇటలీలో చేసిన మట్టిపాత్రల ముక్కలు దొరికాయి. ఒకటో శతాబ్దంలో గ్రీకు నావికుడెవరో రాసిన పెరిప్లస్‌లో ఉన్న పోడుకే అనే రేవు ఇదేనని చరిత్రకారుల అభిప్రాయం. అరికమేడు పూసల తయారీకి పేరుపడ్డ చోటు. అక్కడ ఏరిన పూసల్లో గార్నెట్లూ ఉన్నాయి, పూస చెయ్యడానికి తెచ్చి వదిలేసిన పచ్చి రాళ్ళూ ఉన్నాయి. 2017లో జర్మనీ, ఫ్రాన్స్, భారతదేశాలకి చెందిన కొందరు పరిశోధకులు ఆ రాళ్ళనీ, గరీబ్‌పేట రాళ్ళనీ పక్కపక్కన పెట్టి పరీక్షించిన ఫలితాలు రత్నశాస్త్ర పత్రికలో ప్రచురించారు. రసాయనాల పాళ్ళు కలిశాయి. రాయి మధ్య నుంచి అంచుకి వెళ్ళేకొద్దీ ఆ పాళ్ళు మారే తీరు కలిసింది. రాయి లోపల సన్నటి పీచులా ఉండే సిల్లిమనైట్ అనే ఖనిజం కూడా కలిసింది. మేం రెండు ఫైళ్ళు ఒకటేనా అని చెక్‌సమ్ చూసినట్టు, వీళ్ళు మూడు రకాలుగా చూశారు. అరికమేడు గార్నెట్లు గరీబ్‌పేటవే అని తేల్చారు. రెండు చోట్లకీ మధ్య దూరం సుమారు 640 కిలోమీటర్లు.

ఒక్కసారి ఊహించండి. రోడ్డు లేదు, లారీ లేదు. మా అడవుల్లో వాన వెలిశాక ఎవరో వంగి ఏరిన ఎర్రరాయి, చేతులు మారుతూ తమిళ తీరానికి చేరి, అక్కడ సానపట్టించుకుని, చిల్లు వేయించుకుని పూస అయింది. ఏరిన మనిషి పేరు ఏ శాసనంలోనూ లేదు. ఆ మనిషికి రోము అనే ఊరుందని కూడా తెలిసి ఉండదు.

రోములో మాత్రం ఈ రాళ్ళకి మంచి గిరాకీ. క్రీ.శ. 79లో చనిపోయిన ప్లినీ తన పుస్తకంలో ఎర్రరాళ్ళన్నిటినీ కలిపి చిన్న నిప్పుకణిక అనే అర్థం వచ్చే పేరుతో పిలిచాడు. వాటిలో భారతదేశం నుంచి వచ్చే రకం ఒకటని రాశాడు. రోము పడిపోయాక కూడా గిరాకీ తగ్గలేదు, పెరిగింది. 5 నుంచి 7 శతాబ్దాల మధ్య ఇప్పటి ఫ్రాన్స్, జర్మనీ ప్రాంతాల్లో రాజులు, దొరలు బంగారంలో చిన్న చిన్న గదులు కట్టించి, వాటిలో పల్చగా కోసిన గార్నెట్ పలకలు పొదిగించి, అడుగున గీతలు కొట్టిన బంగారు రేకు పెట్టించుకునేవారు. వెలుతురు పడితే రాయి నిప్పులా మెరవాలని. ఫ్రాంకుల రాజు చిల్డెరిక్ 481 ప్రాంతంలో చనిపోతే ఆయన సమాధిలో ఇలాంటి గార్నెట్ రెక్కలున్న బంగారు తేనెటీగలు సుమారు 300 పెట్టారు. 1653లో ఆ సమాధి బయటపడింది. 1831లో పారిస్‌లో దొంగలు పడి చాలా భాగం కరిగించేశారు. పారిస్ దగ్గరి సెయింట్ డెనిస్ చర్చిలో దొరికిన అదే కాలపు నగల్ని లూవ్ర్ మ్యూజియం అడుగున ఉన్న ప్రయోగశాలలో యాక్సిలరేటరుతో పరీక్షించారు. పాతకాలపు నగల్లో గార్నెట్లు ఎక్కువగా భారతదేశానివీ, సింహళానివీ అని, ఏడో శతాబ్దం నగల్లో మాత్రం యూరప్‌లోనే దొరికే బొహీమియా చిన్నరాళ్ళు వచ్చాయని తేలింది. ఎర్రసముద్రం వ్యాపారం చెదిరిపోవడం దానికి ఒక కారణమని చరిత్రకారులు అంటారు. భారతదేశం నుంచి వెళ్ళినవాటిలో రాజస్థాన్ రాళ్ళూ ఉన్నాయి. అయినా ఆ కాలపు గార్నెట్ వ్యాపారంలో గరీబ్‌పేట పెద్ద గనుల్లో ఒకటి.

ఇప్పుడు మన టేబుల్ దగ్గరికి వెనక్కి వెళ్దాం. వరాహమిహిరుడి 22 పేర్లలో పులకం అని ఒకటుంది. అది గార్నెటే అని కొందరు పండితులు అంటారు. 22లో చోటు ఉన్న పులకానికి 9లో చోటు దొరకలేదు. దాని చుట్టం గోమేదికానికి దొరికింది, అది కూడా గార్నెట్ కుటుంబమే, తేనెరంగుది, సింహళం నుంచి వచ్చేది. మా కొండ ఎర్రరాయికి మాత్రం గ్రహం లేదు. ఇవాళ షాపులో అడిగితే "కెంపు కొనలేనివాళ్ళు ఉపరత్నంగా పెట్టుకుంటారండీ" అంటారు. ఫ్రాంకు రాజు తనతో సమాధిలోకి తీసుకెళ్ళిన రాయి, పుట్టింట్లో కెంపుకి బీదచుట్టం. ఆ రాయే కాన్సాస్ సిటీలో జనవరి అనే చీటీ అంటించుకుని, మళ్ళీ మన షాపుకే పరాయి పేరుతో తిరిగొచ్చింది. ఊరి పేరులోనే గరీబు ఉంది, ఇంక ఎవర్ననుకుని ఏం లాభం?

రాయిలో శక్తి ఉందా లేదా అని నేను వాదించబోవడంలేదు. కానీ కొన్ని సంగతులు తెలిసి ఉండటం మంచిది. కెంపు, నీలం, కనకపుష్యరాగం అని అమ్మే పసుపురాయి, ఈ మూడూ ఒకే ఖనిజం. ఇంగ్లీషులో కొరండం అంటారు. ఆ మాట కూడా తమిళ కురుందం, మన కురువిందం నుంచి వెళ్ళిందే. కొంచెం క్రోమియం కలిస్తే ఎరుపు, ఇనుము, టైటానియం కలిస్తే నీలం. రవికీ శనికీ పడదు కాబట్టి కెంపూ నీలం కలిపి పెట్టుకోకూడదని చెబుతారు. పురాణంలో వాళ్ళిద్దరూ తండ్రీకొడుకులు, గనిలో కూడా ఒకే రక్తం. ఇంకోటి. 1902లో ఫ్రాన్స్‌లో వెర్న్యూయ్ అనే శాస్త్రవేత్త కొలిమి మంటలో కెంపు తయారుచేసే పద్ధతి ప్రకటించాడు. అది గాజు కాదు, రసాయనంలో అచ్చం కెంపే. దాని ఖరీదు గని కెంపులో చాలా చాలా తక్కువ. రాయి పనిచేసేది దాని రంగు వల్ల, దాని పదార్థం వల్ల, దానిగుండా వెళ్ళే కిరణాల వల్ల అని చెప్పేవాళ్ళు ఉన్నారు. అలాగైతే ఈ చవక కెంపు కూడా అంతే పనిచెయ్యాలి. అది పనికిరాదు, గనిదే కావాలి అంటే, పనిచేస్తున్నది కిరణం కాదు, ఖరీదు. ఏ రాయి అయితేనేం పళ్ళూడగొట్టుకోవడానికి అన్నారు పెద్దలు. అప్పు చేసి కొన్న రాయి అయితే పళ్ళు ఇంకొంచెం తొందరగా ఊడతాయి.

నా బాధ నమ్మేవాళ్ళ గురించి కాదు. ఇష్టపడి, ఉన్న డబ్బుతో, అందంగా ఉందని కొనుక్కుంటే ఎవరికి నష్టం? కష్టంలో ఉన్నవాడికి, వాడి భయాన్ని చూసి, "ఇది నీకోసం అనాదిగా రాసిపెట్టి ఉంది" అని అమ్మడం దగ్గరే నా అభ్యంతరం. అనాదిగా రాసిపెట్టినది ఏదీ లేదు. నెలల జాబితాకి 1912 అని తేదీ ఉంది. గ్రహాల జాబితాకి తేదీ రాయకపోయినా, అది మారిన ఆనవాళ్ళు మన గ్రంథాల్లోనే ఉన్నాయి. ఉద్యోగం పోయిన కుర్రాడు నలభై వేలు పెట్టి నీలం కొనేముందు ఈ సంగతి తెలుసుకుంటే, ఆ నలభై వేలతో రెండు నెలల అద్దె కట్టుకుంటాడు. అంతకన్నా గొప్ప గ్రహశాంతి నాకు తెలిసి లేదు.

ఇంక మా ప్రాంతం సంగతి. 1871లో ఇల్లెందు దగ్గర విలియం కింగ్ బొగ్గు కనిపెట్టిన కథ మా పిల్లలందరికీ తెలుసు. ఆ బొగ్గుతోనే సింగరేణి వచ్చింది, 1960ల్లో పాల్వంచలో థర్మల్ స్టేషన్ వచ్చింది. 2024 ఆగస్టులో పాత స్టేషన్ కూలింగ్ టవర్లు క్షణాల్లో కూల్చేసినప్పుడు ఊరంతా ఫోన్లు పట్టుకుని వీడియోలు తీసింది, కొందరు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. బొగ్గు చరిత్ర 150 ఏళ్ళది, దాన్ని మేం బాగానే గుర్తుపెట్టుకున్నాం. గార్నెట్ చరిత్ర అంతకి పదిరెట్లు పాతది. దాని గురించి బడిలో మాకు ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా సాంఘికశాస్త్రం టీచర్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మ్యాపులో గరీబ్‌పేట నుంచి అరికమేడుకి, అక్కడినుంచి ఎర్రసముద్రం మీదుగా రోముకి ఒక గీత గీయించండి. పిల్లల్లో జనవరిలో పుట్టినవాళ్ళుంటే, వాళ్ళ రాయి ఏ షాపు నుంచో రాలేదని, ఏ ఊరి నుంచి ప్రపంచానికి వెళ్ళిందో చెప్పండి.